మెరుపు రాని ఒక్క ఫోటో

కొండలన్న గురించి ఒక మంచి మాట చెప్పమంటే నాకు కాస్త టైమ్ పడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పద్నాలుగేళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తున్నాను. ఆయన తీసిన పెళ్లికూతుళ్లంతా నాకు ఒక్కలాగే కనిపిస్తారు, సున్నం కొట్టిన గోడల్లాగ. ఎందుకంటే ఫ్లాష్ లేకుండా ఆయన పెళ్లి ఫోటో తీయడు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ నెత్తి మాడుస్తున్నా సరే, ఫ్లాష్ కొట్టాల్సిందే.

"మెరుపు రాకుంటే ఫోటో తీసిండని చుట్టాలు నమ్మరు స్వరూపా" అంటాడు.

అది ఆయన అనుభవంలెండి. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఈ పని మొదలుపెట్టినప్పుడు ఇంకా రీళ్ల కాలం. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. పనికిరాని చుట్టాలనుకున్నవాళ్లు స్టేజీ ఎక్కితే, రీలు ఖర్చు కాకుండా ఉత్త ఫ్లాష్ వెలిగించి పంపేసేవాడట. వాళ్లు పాపం జుట్టు సర్దుకుని, నవ్వి, సంతోషంగా దిగిపోయేవాళ్లు. ఈ ఘనకార్యాన్ని ఇప్పటికీ చాయ్ తాగుతూ చెప్పుకుంటాడు. సిగ్గులేని మనిషి!

ఫోటోలో కళ్లు మూసుకున్నవాళ్లంటే మాత్రం ఆయనకు మహా చిరాకు. కళ్లలో పిడుగు వేసేది తనే, "కండ్లు తెరువరాదు?" అని గద్దించేదీ తనే. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. ఆ ఫోటో తర్వాత నా దగ్గరికి వస్తుంది. అదే మనిషి కళ్లు తెరిచి ఉన్న ఇంకో ఫోటో వెతికి, ఆ కళ్లు కత్తిరించి ఇక్కడ అతికించడం నా పని.

కర్మన్‌ఘాట్ ముత్తమ్మకు ఆ ఇంకో ఫోటో లేదు. డెబ్బై దాటిన మనిషి. ఫ్లాష్ పడితే చాలు, రెప్పలు టక్కున మూతపడతాయి. ఆమె కొడుకు పెళ్లికీ ఫోటోలు తీసింది కొండలన్నే. అన్నిట్లోనూ మూసిన కళ్లే. "ఇంట్ల పెండ్లిలన్నీ నేను నిద్రల్నే చేసిన బిడ్డా" అని ఆమే నవ్వేది. ఆధార్ కార్డులో తెరిచే ఉన్నాయి కానీ, ఆధార్ కార్డులో ఎవరిని ఎవరు గుర్తుపడతారు?

పోయిన మాఘంలో ఆమె మనవరాలు జ్యోతిక పెళ్లి. ఆ పిల్లను చిన్నప్పటి నుంచీ పెంచింది ముత్తమ్మే. ఫోటోలు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు జ్యోతిక ఒక్కటే అడిగింది.

"అంకుల్, అప్పగింతలప్పుడు జర ఫ్లాష్ వద్దు. నాచురల్ లైట్‌ల తీయుండ్రి. మా నాయనమ్మ కండ్లు తెర్చిన ఫోటో నాకు ఒక్కటన్న కావాలె."

"గది నాకు ఇడ్సిపెట్టు బిడ్డా, నేను చూస్కుంట" అన్నాడు కొండలన్న.

ఆ పిల్ల మెట్లు దిగిందో లేదో మొదలుపెట్టాడు. "నాచురల్ లైటంట! ఫోన్ల రీల్స్ జూసుడు, వచ్చి నాకు నేర్పుడు. చీకట్ల తీసెటోడు గూడ ఫోటోగ్రాఫరేనా?"

పెళ్లి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఒక ఫంక్షన్ హాల్లో. లైటు పట్టుకునే మనిషి రాలేదని నన్ను లాక్కుపోయాడు. సాయంత్రం నాలుగింటికి హాలు గుమ్మం దగ్గర అప్పగింతలు. ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. పాలలో ముంచిన జ్యోతిక చేతులు ముత్తమ్మ చేతుల్లో ఉన్నాయి. ఆ వెలుతురులో ఆ ముసలి ముఖం ఎంత బాగుందో!

"అన్నా, ఫ్లాష్ బంద్ చెయ్యరాదు? వెలుతురు మస్తుంది" అన్నాను.

"నువ్వు జెప్తే నేను నేర్చుకోవాల్నా?"

కొట్టాడు. ముత్తమ్మ కళ్లు మూతపడ్డాయి. మళ్లీ కొట్టాడు, మళ్లీ మూతపడ్డాయి. ఒక్కసారి మాత్రం కెమెరా క్లిక్కుమంది గానీ మెరుపు రాలేదు, ఫ్లాష్ బ్యాటరీ అయిపోయింది. సరిగ్గా అప్పుడు ముత్తమ్మ జ్యోతిక ముఖంలోకి చూస్తోంది, నీళ్లు నిండిన కళ్లు ఇంతింత చేసుకుని.

"ఈసారి మెరుపు రాలే!" అని ఆమె నా వైపు తిరిగి నవ్వింది. కొండలన్న కెమెరా వెనక చూసుకుని, ఛ అని, ఏదో బటన్ నొక్కి, బ్యాటరీలు మార్చాడు.

మర్నాడు స్టూడియోలో ఆ ఫోటో కోసమే ముందు వెతికాను. ఫోటో నంబర్లలో 1844 ఉంది, 1846 ఉంది. మధ్యది లేదు.

"అదా? నల్లగ ఉండె. తీసేసిన" అన్నాడు.

"మొఖాలు కనవడలేదా అన్నా?"

"కనవడ్డయ్. మెరుపు లేదు గద!"

"మరి అవ్వ కండ్లు?"

"కండ్లు జూసేంత టైమ్ యాడిది నాకు?"

కెమెరాలోని మెమరీ కార్డు ఆ రాత్రే హయత్‌నగర్‌లో ఇంకో పెళ్లి ఫోటోలతో మళ్లీ నిండిపోయింది. ఏదేదో సాఫ్ట్‌వేర్ పెట్టి గోకి చూశాను, ఎవరి దావత్‌లోదో బగారా అన్నం గిన్నె బయటపడింది. చుట్టాల ఫోన్లలో ఉంటుందేమోనని అందరినీ అడిగాను. అప్పగింతల వీడియోలన్నిట్లో ఉన్నది కొండలన్న వీపే.

ముత్తమ్మ రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చేది. "ఆ మెరుపు రాని ఫోటో చూపియ్ బిడ్డా."

"ఇంక కంప్యూటర్ల ఎక్కలే అవ్వా" అని అబద్ధం చెప్పి పంపేదాన్ని. జీతం తీసుకునే నోరు కదా.

చివరికి కొండలన్నే ఉపాయం చెప్పాడు. "ఆమె చెల్లె సుమిత్రమ్మ కండ్లు పెట్టెయ్. ఒక్క తల్లి బిడ్డలు, ఎవడు గుర్తువడ్తడు?" పెళ్లికి వచ్చి, స్టేజీ మీద కళ్లు పెద్దవి చేసుకుని నిలబడ్డ సుమిత్రమ్మ కళ్లు కత్తిరించి, అప్పగింతల ఫోటోలో ముత్తమ్మ ముఖానికి అతికించాను. అవును, నేనే. ఆయన్ని అన్ని మాటలన్నాను కదా, ఆ పని చేసిన చేయి నాది.

ప్రింటుకు పంపేముందు చూసుకోమని ముత్తమ్మను పిలిచాం. ఆమె తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"ఇవి ఎవలియి?"

"నీయే అవ్వా! ఎంత మంచిగొచ్చినయో చూడు" అన్నాడు కొండలన్న.

"సుమిత్రయి. చిన్నప్పటి సంది సూస్తున్న, నాకెర్క లేదా? నాయి ఏమైనయ్ బిడ్డా?" అని నన్నే అడిగింది.

ఇక నావల్ల కాలేదు. "ఆ ఫోటో తీసేసిండు అవ్వా. మెరుపు రాలేదని."

కొండలన్న నన్ను మింగేసేలా చూశాడు.

"పోనీ అవ్వా, ఇప్పుడు నేను ఫోన్ల తీస్తా, గుమ్మంల నిలవడు" అన్నాను.

"జ్యోతిక లేకుండనా?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇవి తీసెయ్ బిడ్డా. నా మూసినయే నాకు పెట్టు. గవన్న నాయి."

"కండ్లు మూసినయి ఆల్బంల పెడ్తరా ఎవలన్న? నా స్టూడియో పేరు పోతది!" అని కొండలన్న లేచాడు.

నేను ఆయన వైపు చూడలేదు. ముత్తమ్మను పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చూస్తుండగానే సుమిత్రమ్మ కళ్లు తీసేశాను.