సామాన్ల కాడ మనిషి

మా చిన్నతనంలో... మెటడోరు వ్యాను వెనక తలుపు సరిగ్గా పడేది కాదు. దానికి తాడు కట్టి, ఆ తాడు కొస పట్టుకొని అమ్మ లోపల కూర్చుంది. బేతంచెర్ల నుంచి తిరుపతి, తిరుపతి నుంచి మహాబలిపురం... దారి పొడవునా అట్లాగే.

వ్యాను మాట్లాడింది మా మేనత్త, అంటే నాయనకు అక్క. వాళ్లకు బండల పాలీషు యూనిట్ ఉండేది. నాయన అందులోనే పనిచేసేవాడు. అందుకని మా ఇంట్లో అత్త మాటకు ఎదురుండేది కాదు.

మహాబలిపురంలో సరుగుడు తోపు దగ్గర వ్యాను ఆగింది. చెట్లకు అవతల సముద్రం. హోరు వినిపిస్తోంది గానీ కనిపించడం లేదు. పిల్లలం దూకేశాం. అమ్మ కూడా ఒక కాలు కింద పెట్టింది.

"రవణమ్మా, నువ్వు ఈడే ఉండు," అంది అత్త. "సామాన్ల కాడ ఎవురో ఒగరు ఉండాల గదా. అంతలోకి ఇంత అన్నం వండెయ్యి."

అమ్మ రెండో కాలు కూడా దించి, సత్తు తపేలా, కిరసనాయిలు స్టవ్వు కిందికి దించుకుంది.

మేం రాతి రథాలు చూశాం. ఒడ్డునున్న పాత గుడి చూశాం. నడుము దాకా నీళ్లలో దిగాం. తిరిగొచ్చాక అమ్మ నా పావడా అంచు పిండుతూ, "ఎట్లుండాది?" అని అడిగింది.

ఎనిమిదేళ్ల దాన్ని... నాకేం చెప్పడం వస్తుంది. "పెద్దగా ఉండాది," అన్నాను.

"నువ్వు చూసేకి ఏముండాదిలే రవణమ్మా, నీళ్లే గదా," అంది అత్త, తడిసిన కొంగు దులుపుకుంటూ. అన్నం మెత్తనైందని కూడా అంది. అందరూ తిన్నాక వ్యాను కదిలింది.

నీళ్లే గదా... మా వీధి బోరింగు దగ్గర బిందె నీళ్ల కోసం తెల్లవారకముందే లేచే మనిషితో అన్న మాట అది.

అంతటితో అయిపోలేదు. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా అత్త పదిమందిలో అదే చెప్పేది. "మా రవణమ్మను గూడా సముద్రానికి పిలుచుకపోయినా. నేను గాకుంటే ఈమెకు యాడ కనపడేది?"

అమ్మ తల ఊపేది. చూడని సముద్రానికి అవునని తల ఊపేది... పక్కన కూర్చుని అది చూస్తూ నేను పెరిగాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆ కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలని నేనూ అనుకోలేదు.

పోయినేడు పాత కారొకటి కొన్నాను. నడపడం బాగా వచ్చాక అమ్మను మహాబలిపురం తీసుకుపోతున్నానని ఇంట్లో చెబితే అత్తకు తెలిసింది. తనే ఫోన్ చేసింది.

"నన్నూ పిలుచుకపో పాపా. ఆడ పిల్లోళ్లు నీళ్ల మీద పలకేసుకొని నిలబడతాండారంట. ఫోన్లో చూసినా."

"రా అత్తా," అన్నాను. ఇంత సులువుగా అవకాశం దొరుకుతుందని నేను అనుకోలేదు.

అత్తకు డెబ్బై దాటినా మనిషి గట్టిది. కాలు నొప్పి, నడుము నొప్పి అనే మాట లేదు. దారిలో కూడా అదే పాత పాట... "అప్పుడు నేనే గదా మీ అందర్నీ తిప్పింది." అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మహాబలిపురంలో వేప చెట్టు నీడ చూసి కారు ఆపాను. అద్దాలు దించాను. నీళ్ల సీసా అత్త పక్కన పెట్టాను. అత్త చీర సర్దుకొని ఒక కాలు బయట పెట్టింది.

"నువ్వు కూర్చో అత్తా. సామాన్ల కాడ ఎవురో ఒగరు ఉండాల గదా."

"కారుకు బీగం ఉండాది గదే?"

"సరిగ్గా పడదు అత్తా."

బీగం బాగానే పడుతుంది. అత్త నా మొహం చూసింది. తర్వాత అమ్మ మొహం చూసింది. అమ్మ ఏదో ఒకటి అంటుందని కాసేపు కాచుకుంది. అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకొని ముందుకు నడిచింది. అత్త కాలు లోపలికి తీసుకుంది.

మొదట ఒడ్డు గుడికి పోయాం. అమ్మ రాతి మీద అరచెయ్యి ఆనించి, తర్వాత ఆ చేతిని చీరకు తుడుచుకుంది. పాలీషు దుమ్ములో బతికిన అలవాటు.

అక్కడి నుంచి ఇసుకలోకి. అమ్మ చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. దూరంగా అత్త చెప్పిన సర్ఫింగ్ పిల్లలు అలల మీద పలకలేసుకొని లేస్తున్నారు, పడుతున్నారు.

"పడినా మళ్లా ఎక్కుతాండారే. ఎవురూ తిట్టరా వాళ్లను?" అని అడిగింది.

"ఎవరు తిడతారమ్మా?"

ఒక అల వచ్చి అమ్మను మోకాళ్ల దాకా తడిపింది. చీర ఎత్తిపట్టుకోలేదు.

నేను ఒక అర్ధగంట చాలనుకొని వచ్చాను. ఎండ పెరుగుతోంది. "నేను పోయి అత్తను పిలుచుకొస్తానమ్మా," అన్నాను.

అమ్మ తల తిప్పలేదు.

"ఉండనీ," అంది. "నాకింకా చూసింది సాల్లేదు."

ఇన్నేళ్లూ కోపం నా ఒక్కదానికే అనుకున్నాను...

మేం వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తిరుపతి వచ్చేదాకా అత్త నోరు విప్పలేదు. ఆ తర్వాత రెండు పెళ్లిళ్లలో కలిశాం. అత్త సముద్రం ఊసు ఎత్తలేదు.

ఇప్పుడు బండ్లన్నిటికీ మీట నొక్కితే బీగాలు పడతాయి... మనిషిని కాపలా పెట్టే పని లేదు. అప్పట్లో మీ ఇంటి ప్రయాణాల్లో అంత దూరం పోయి కూడా ఏమీ చూడకుండా వచ్చింది ఎవరు? వాళ్ల పేరు కింద రాయండి. చూడనియ్యని వాళ్ల పేరు కూడా రాయండి.