గుంటల సోమవారం

పోయిన ఆదివారం ఆరాధన చివర, ప్రకటనల దగ్గర, మా పాస్టరు గారు ఈ ఏడాది సువార్త సభలు స్టేడియంలో కాదనీ, బైపాసు రోడ్డు మీద కొత్తగా కట్టిన ఏసీ ఫంక్షన్ హాల్లో జరుగుతాయనీ చెప్పారు. స్టేడియం గ్యాలరీలు ఎప్పుడు కూలతాయో తెలియకుండా ఉన్నాయట, వేసవిలో మునిసిపాలిటీ వాళ్ళే పడగొట్టేస్తారట. సంఘంలో ఎవరూ పెద్దగా చలించలేదు. నా ముందు వరసలో కూర్చున్నావిడ పక్కావిడతో, పోనీలెండి, ఈసారి దోమలుండవు అంది. నిజమే, కాలవ పక్కనే కట్టిన ఆ స్టేడియంలో దోమలు లేవని ఎవరూ అనలేరు. ముగింపు ప్రార్థనకి అందరం లేచి నిలబడ్డాం. నేను కళ్ళు మూసుకున్నాను గానీ నా మనసు ప్రార్థనలో లేదు, నా పాదాల్లో ఉంది. ఎందుకో చెప్పాలంటే మా మావయ్య గురించీ, నాలుగు గుంటల గురించీ చెప్పాలి.

స్టేడియం అన్నది మా ఊరు మర్యాద కొద్దీ పెట్టుకున్న పేరు. ఎదురెదురుగా రెండు సిమెంటు మెట్ల గ్యాలరీలు, మధ్యలో మట్టి నేల, చుట్టూ నడుమెత్తు గోడ, అంతే. నేను ఈ ఊళ్ళో బడిపంతులుగా చేరిన కొత్తలోనే పెచ్చులు ఊడి లోపలి ఇనప చువ్వలు కనిపించేవి. పగలంతా కాగిన మెట్ల మీద సాయంత్రం ఊరికే కూర్చోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. మగవాళ్ళు తువ్వాలు మడతపెట్టి వేసుకునేవారు, ఆడవాళ్ళు ఇంటి నుంచి చాప ముక్కలు తెచ్చుకునేవారు. అక్కడ నేను సర్కసు చూశాను. సర్కసు ఏనుగు ఒకటి కాలవలోకి దిగి ఇక పైకి రానని మొండికేస్తే, దాని మావటికి ఊరంతా గట్టు మీద నిలబడి సలహాలిచ్చింది. పిల్లల పరుగుపందాలు చూశాను, మంత్రి గారి కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూసిన సభ ఒకటి చూశాను. అయితే ఏటా తప్పకుండా జరిగేవి రెండే. చలి తగ్గి ఎండ ముదరకముందు మా సువార్త సభలు, అవి అయిన కొద్ది రోజులకి వాలీబాల్ టోర్నమెంటు. రెండింటికీ వచ్చేది చాలావరకు ఒకే జనం. లేసు అల్లికలకి పేరుపడ్డ నరసాపురం దారిలో ఉన్న ఊరు గనక మా ఆడవాళ్ళ చేతుల్లో లేసు సూది ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. ప్రసంగం జరుగుతున్నా ఆట జరుగుతున్నా వాళ్ళు అల్లుకుంటూనే ఉండేవారు. తల ఎత్తారంటే అక్కడేదో విశేషం జరిగిందన్నమాట.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. తాలూకాఫీసులో గుమాస్తా, మా సంఘంలో పెద్ద, టోర్నమెంటు కమిటీలో సభ్యుడు. పెళ్ళయ్యేదాకా నేను ఆయన ఇంట్లోనే ఉన్నాను. గొంతు బాగుంటుందని రెండు చోట్లా మైకు ఆయనకే ఇచ్చేవారు. ఒకసారి ఆట మధ్యలో స్కోరు చెప్పబోయి అలవాటుగా "పాట నంబరు" అన్నారు. గ్యాలరీలో సగంమంది పాటల పుస్తకం కోసం సంచులు తడుముకున్నారు. అత్తయ్య, అంటే ఆయన భార్య, సంఘంలో స్త్రీల సమాజాన్ని నడిపేది. వాక్యం ఆవిడకి నాలుక చివర ఉండేది. ఇంట్లో ఏ వాదన వచ్చినా గ్రంథంలో ఎక్కడో ఒకచోట ఆవిడకి సాక్ష్యం దొరికేది. పాపం మావయ్య జవాబు వెతుక్కునేలోగా ఆవిడ భోజనాలు వడ్డించేసేది.

సభలకి పందిరి వెయ్యాలంటే రాటలు పాతాలి, రాటలు పాతాలంటే నేల తవ్వాలి. ఆ నేలే వాలీబాల్ కోర్టు. టోర్నమెంటుకి పెద్ద, ఊళ్ళో రైసుమిల్లు ఉన్న ఆసామి గారు. మంచివారే గానీ ఆట విషయంలో పట్టుదల మనిషి. నేను రాకముందే ఆయనకీ మావయ్యకీ ఒక ఒప్పందం కుదిరింది. సభలవాళ్ళు తవ్విన గుంటలు సభలవాళ్ళే పూడ్చాలి. ఆటగాడి కాలు ఒక్కటి గుంటలో దిగబడినా ఆ మరుసటేటి నుంచి సభలు పొలాల్లో పెట్టుకోవాలి. మావయ్య సరేనని మాటిచ్చారు. అప్పట్లో ఊళ్ళో అంతమంది పట్టే చోటు మరొకటి లేదు. పొలాల్లో అంటే ముసలివాళ్ళూ పిల్లల తల్లులూ గట్ల మీద నడిచి రాలేరు. అంటే సభలు లేనట్టే.

అలా పుట్టింది గుంటల సోమవారం. ఆదివారం సభలు ముగిస్తే సోమవారం తెల్లవారగానే సంఘమంతా అక్కడికి చేరేది. మగవాళ్ళు రాటలు పీకేవారు, ఆడవాళ్ళు కాలవ గట్టు నుంచి తట్టలతో ఒండ్రుమట్టి మోసేవారు, నాలాంటి కుర్రపంతుళ్ళం బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళం. తరవాత అందరూ వరసగా నిలబడి ఉత్తకాళ్ళతో ఆ మట్టి తొక్కేవారు, పాటలు పాడుతూ. పాట వేగం పెరిగితే కాళ్ళ వేగం పెరిగేది. మూడు రోజుల ప్రసంగాల్లో నిద్రపోయినవాళ్ళు కూడా ఆ ఉదయం హుషారుగా ఉండేవారు. బుడబుక్కలవాడు ఒకడు గోడ అవతల నిలబడి చూసి, ఇదేం దేవుడండీ బాబూ, పొద్దున్నే పనిలో పెట్టాడు అని వెళ్ళాడు. అత్తయ్య ఆ మాట ఎన్నేళ్ళో చెప్పుకుని నవ్వేది.

ఒక ఏడాది, సభల చివరిరోజు ప్రభురాత్రి భోజనం కూడా అక్కడే ఇవ్వాలని సంఘం తీర్మానించింది. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు. రెండు గ్యాలరీలకీ కనిపించాలని, పంచిపెట్టే రొట్టె, ద్రాక్షరసం ఉంచే బల్లని నేల మధ్యన పెట్టి, పైన నాలుగు వెదురు రాటలతో చిన్న పందిరి వేశారు. తెల్లటి లేసుగుడ్డ పరిచిన ఆ బల్ల ముందు ఊరంత సంఘం మోకాళ్ళూనింది. మర్నాడు మామూలుగానే గుంటలు పూడ్చాం. పాడుకుంటూ తొక్కుకుంటూ వస్తున్న వరస ఆ నాలుగు గుంటల దగ్గరికి రాగానే రెండుగా చీలి, పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అత్తయ్య ఒక్కతే వంగి, మట్టి పోసి, రొట్టెల పిండి సర్దినట్టు అరచేత్తో నెమ్మదిగా సర్దింది. పైకి చూస్తే మిగతా నేలకీ దానికీ తేడా లేదు.

టోర్నమెంటు ఫైనల్లో కొవ్వూరు వైపు నుంచి వచ్చిన జట్టుతో మా ఊరు ఆడింది. మా వైపు నెట్టు దగ్గర కొట్టేది మిల్లు ఆసామి గారి అబ్బాయే. పొడగరి, గాలిలోకి లేస్తే కాసేపు అక్కడే ఉన్నట్టుండేవాడు. ఆట మా చేతిలోకి వస్తుందనగా అతను లేచి బలంగా కొట్టాడు, దిగాడు. దిగిన కుడికాలు చీలమండ దాకా నేలలోకి పోయింది. లేసు అల్లుతున్న ఆడవాళ్ళంతా తల ఎత్తారు. మావయ్య మైకు పక్కన పెట్టేసి కోర్టులోకి పరిగెత్తారు. అతన్ని మోసుకొచ్చి గోడ పక్కన కూర్చోబెట్టి, రొయ్యల కంపెనీ నుంచి ఐసు తెప్పించి కాలికి కట్టారు. రొయ్యల వాసనకి ఆ కుర్రాడు నొప్పికన్నా ఎక్కువ ముఖం చిట్లించాడు. అతను లేకుండా మా జట్టు ఓడిపోయింది.

కమిటీవాళ్ళు గుంట చుట్టూ మూగారు. ఎలక బొరియ అని చెప్పెయ్యండి, ఎవరికి తెలుస్తుంది అని మా సంఘంవాడే ఒకడు మావయ్య చెవిలో అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. మిల్లు ఆసామి గారు గొంతు పెంచకుండానే అడిగారు.

"ఏంటండీ గుమాస్తా గారూ, మాటిచ్చారు గదా."

"ఇచ్చానండి. అది మా గుంటే. పూడ్చాం గానీ తొక్కలేదు."

"అన్నీ తొక్కి అదొక్కటి మర్చిపోయారా?"

"మర్చిపోలేదండి. అక్కడ మా ప్రభువు బల్ల పెట్టాం. ఆ చోట కాలు పెట్టడానికి మావాళ్ళకి మనసొప్పలేదు. మాట తప్పింది నేనే. వచ్చే ఏడు గ్రౌండు అడగనండి."

సభలు అంతటితో అయిపోయాయనే అనుకున్నాను. కొడుకు పక్కన చతికిలబడి ఐసు పట్టుకున్న ఆసామి గారి భార్య తల తిప్పకుండానే భర్తతో అంది: "దేవుణ్ణి పెట్టిన చోటు కాలితో తొక్కమంటే నేను మాత్రం తొక్కుతానేంటండీ? వాళ్ళనెందుకంటారు?"

ఆసామి గారు ఆ గుంటకేసి చూశారు, భార్యకేసి చూశారు. చివరికి, "సరే, వచ్చే ఏడు ఆ నాలుగు గుంటలూ మా ఆటగాళ్ళు తొక్కుతారు లెండి" అన్నారు. అని వెళ్ళిపోయారు. ఓడిపోయిన కోపం ఆయనకి చాలా రోజులే ఉంది, మావయ్య నమస్కారం పెడితే తల మాత్రం ఊపేవారు.

ఆ రోజు భోజనాల దగ్గర అత్తయ్య తన సాక్ష్యం తీసింది. బైబిల్లో మండే పొద దగ్గర గొర్రెల కాపరిని దేవుడు చెప్పులు విప్పమన్నాడా లేదా, అది పరిశుద్ధ స్థలం కాబట్టే గదా అంది. మావయ్య జీవితంలో మొదటిసారి వడ్డన పూర్తికాకముందే జవాబు చెప్పారు. "చెప్పులు విప్పమన్నాడు గానీ కాలు పెట్టొద్దనలేదే. అక్కడే నిలబెట్టి మాట్లాడాడు." అత్తయ్య ఆయనకి పులుసు ఇంకో గరిటె వేసింది.

మరుసటేడు సభలు అక్కడే జరిగాయి, బల్లా అక్కడే పెట్టారు. సోమవారం పొద్దున్న ఆటగాళ్ళు మాటప్రకారం వచ్చారు. ఆసామి గారి అబ్బాయి ఇంకా కొద్దిగా కుంటుతూనే వచ్చి, గుంట దగ్గర వంగి కాన్వాసు బూట్లు విప్పుతున్నాడు. తడిమట్టి, బూట్లు వేసుకునే తొక్కు బాబూ అన్నారు మావయ్య. "లేదండి, మా అమ్మ విప్పమంది" అన్నాడతను. అత్తయ్య చేతిలో తట్ట కింద పెట్టేసింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, అతనికన్నా ముందే వెళ్ళి ఆ మెత్తటి మట్టిలో కాలు పెట్టింది. ఆవిడ వెనక అతను, అతని వెనక సంఘమూ జట్టూ కలిసి. పాట ఎవరు ఎత్తుకున్నారో గుర్తు లేదు. ఆటగాళ్ళకి పాట రాదు, మా ముసలివాళ్ళకి అడుగుల్లో వేగం లేదు, అయినా మట్టి బాగానే దిగింది.

మావయ్యా అత్తయ్యా ఇప్పుడు లేరు. ఫంక్షన్ హాల్లో రాటలు పాతక్కర్లేదు, గుంటలు పూడ్చక్కర్లేదు, ఎవరికీ మాట ఇవ్వక్కర్లేదు. అది తప్పని నేననను. ప్రభువు టైల్స్ మీద కూడా నడవగలడు. ప్రకటన విన్న మర్నాడు, అంటే సోమవారం, పొద్దున్నే ఆటో ఎక్కి స్టేడియంకి వెళ్ళాను. వాకింగ్ చేసేవాళ్ళు గోడవారగా తిరుగుతున్నారు. గ్యాలరీల ముందు తాడు కట్టారు. నెట్టు స్తంభం ఒకటే మిగిలింది. దాని నుంచి అంచనా వేసుకుని, ఆ చోటు ఇదే అనిపించిన దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాను. చెవుల్లో ఫోను వైర్లు పెట్టుకుని నడుస్తున్న ఒకాయన ఆగి, "ముల్లు గుచ్చుకుందాండీ?" అని అడిగాడు. లేదండి అన్నాను. మడమతో ఒకసారి గట్టిగా నొక్కి చూశాను. ఎక్కడా దిగలేదు. మా అందరి కాళ్ళకన్నా బాగా ఆ చోటుని కాలమే తొక్కినట్టుంది.