గుట్ట మీద ఒక్కపొద్దు

మాది నాచారం. కాలు విరిగి ఏడాది ఇంట్లోనే ఉన్నాక, నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ నడక మొదలుపెట్టాను. మౌలాలి గుట్ట మెట్లన్నీ ఆగకుండా ఎక్కాలని నా పంతం.

ఒక శనివారం ఒక్కపొద్దుండి కూడా బయల్దేరాను. సగం మెట్లకే కళ్లు తిరిగాయి, ఒళ్లంతా చెమట పట్టింది, గుండె దడదడలాడింది. ఇక్కడే పోతే ఇంట్లోవాళ్లకు ఎవరు చెబుతారని భయపడుతూ ఒక మెట్టు మీద కూలబడ్డాను.

గుట్ట మీది దర్గా నుంచి దిగుతున్న ఒక ముసలమ్మ ఆగి, "ఏమన్న తిన్నవా బిడ్డా?" అంది.

"ఒక్కపొద్దున్నా."

"గట్లయితే గుట్టెందుకు ఎక్కినవ్?" అంటూ దర్గాలో ఫాతెహా చదివించి తెచ్చిన చక్కెర పొట్లం విప్పి నా నోట్లో పోసింది. "జర కూసో. గుట్ట యాడికి పోదు."

పది నిమిషాలకు దడ తగ్గింది.

నెల తర్వాత ఒకసారి ఆగకుండా పైదాకా ఎక్కాను. అప్పటి నుంచి మాత్రం ప్రతిసారీ ఆ మెట్టు మీద కాసేపు కూర్చుంటున్నాను, చక్కెర పొట్లం వెంట పెట్టుకుని.