మూడో పిలుపు

ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాం మేనేజర్ ఉద్యోగాన్ని నోరు విప్పకుండా పోగొట్టుకున్న మనిషి ఈ నగరంలో నేనొక్కడినేనని గర్వంగా చెప్పగలను. మా వంశంలో భూములు పోగొట్టుకున్నవాళ్లున్నారు, కోటలాంటి గడీ పోగొట్టుకున్నవాళ్లున్నారు. నా వంతుకు పోగొట్టడానికి ఏమీ మిగలలేదు కనుక, ఇంకా రాని ఉద్యోగాన్ని పోగొట్టాను.

తొంభైల చివర అమ్మా నేనూ చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఒక గదిలో మేము. రెండో గదిలో గడీ నుంచి తెచ్చుకున్న టేకు ఉయ్యాల. గాలి లేకపోయినా దాని గొలుసులు కిర్రుమనేవి. తాతగారు ఊగుతున్నారని అమ్మ నమ్మకం.

"ఈ నౌకరి వస్తె పెద్దిల్లు తీసుకుందాం బిడ్డా. రాకుంటె ఉయ్యాల అమ్మేస్త. మీ తాతకు నువ్వే చెప్పుకో" అంది.

"ప్రోగ్రాం మేనేజర్ అంటే ఏంది?" అని మిత్రుడు యాదగిరిని అడిగాను.

"ప్రోగ్రాంలు నువ్వు రాయవు. రాసెటోళ్లు తలా ఒక దేశంల ఉంటరు. వాళ్లందరితోని మాట్లాడి పని చేపియ్యాలె."

"అంటే హుకుం జారీ చేసుడు. మా ఇంట్ల తరతరాలుగ గదే పని."

"అరే భై, హుకుం కాదు. జర నోట్లకెల్లి మంచి మాట రావాలె. ఎవడన్న నమస్తే పెడితే తల ఊపనీకె నీకు అర్ధగంట పడ్తది!"

నేను పట్టించుకోలేదు. తాతగారి షేర్వానీ తొడుక్కుని ఇంటర్వ్యూకు బయలుదేరాను. దాని మెడపట్టీ ఎంత బిగుతంటే, వినయంగా ఉందామనుకున్నా తల వంగదు. వర్షంలో నారాయణగూడ చేరేసరికి నాఫ్తలీన్ వాసనకు కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి.

ఆఫీసు ఒక పాత మేడ రెండో అంతస్తులో. సందె వేళ. రిసెప్షన్‌లో సుజాత అనే అమ్మాయి తప్ప నరమానవుడు లేడు. ఆమె నన్నొక పొడవాటి గదిలోకి తీసుకెళ్లి, "కూసోండి సార్, జర సేపట్ల వాళ్లు మాట్లాడ్తరు" అని తలుపు వేసి వెళ్లింది.

పొడవాటి బల్ల. చుట్టూ ఖాళీ కుర్చీలు. ప్రతి కుర్చీ ముందూ ఒక గ్లాసు నీళ్లు, తద్దినానికి పెట్టినట్టు. బల్ల మధ్య మూడు కాళ్ల నల్లటి వస్తువు, చచ్చిన సాలీడులాగా. దూరదేశంలో ఉన్నవాళ్ల గొంతు గదంతా వినిపించే ఫోను అదని ఇవాళ మీకు తెలుసు. నాకప్పుడు తెలియదు.

సాలీడు నెత్తిన ఎర్రటి కన్నొకటి తెరుచుకుంది.

"మిస్టర్ నర్సింగరావ్, ఆర్ యూ దేర్?"

గొంతుంది. మనిషి లేడు.

నాయనమ్మ మాట చెవుల్లో మోగింది. "మనిషి కనబడకుంట పిలిస్తె మూడోపారి దాక పలుకకు బిడ్డా. మనిషైతె మూడోపారి పిలుస్తడు. గవి రెండుసార్లే పిలుస్తయి. పలికినవా, ఎంబడి తీస్కపోతయి." మా ఇంట్లో ఈ కట్టుబాటు మీరినవాళ్లు లేరు. అందుకే మా వీధి పోస్ట్‌మ్యాన్‌కు గొంతు బొంగురుపోయింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"నర్సింగరావ్..."

ఈసారి మెల్లగా, నా చెవి పక్కనే. నిజం చెబుతున్నాను, భయం కంటే ముందు కోపం వచ్చింది. మిస్టర్ ఏమైంది? దయ్యమైతే మాత్రం, మా ఇంటివాళ్లను గారు అనకుండా పిలుస్తుందా? వెన్ను నిటారుగా నిలిపి, పెదవులు బిగించి కూర్చున్నాను. చీకట్లో ఎదుటి గ్లాసు టకటకమంటోంది. నా మోకాళ్లు బల్లను కొడుతున్నందువల్లేనని తర్వాత తోచింది.

కొవ్వొత్తి పట్టుకుని సుజాత వచ్చింది.

"సార్, వాళ్లు పిలిస్తె ఎందుకు పలుకలే? బయటి ఫోన్ల నన్ను అడుగుతున్నరు."

"మనిషి కనబడకుండ పిలిస్తే ఎట్ల పలుకుత?"

"అయ్యో, ఇది ఫోను సార్!" అని సాలీడును చూపించింది. "పరేషాన్ గాకుండ్రి. ఒక్కసారి పిలిచిన్రంట, గప్పుడే కరెంటు పోయి ఇది బంద్ అయింది. కరెంటు రాంగనే మళ్ల చేస్తరు."

పోయిన ప్రాణం లేచివచ్చింది. ఉద్యోగం ఇంకా పోలేదు! అక్కడ నోరు మూసుకోవలసిన నేను, అప్పుడే విప్పాను.

"ఒక్కసారి కాదమ్మా, రెండుసార్లు పిలిచిన్రు. రెండోసారి చీకట్ల."

"కరెంటు లేంది ఇది ఎట్ల పిలుస్తది సార్?"

కొవ్వొత్తి ఆరిపోయింది. ఎవరూ ఊదలేదు.

ఆ తర్వాత నాకు గుర్తున్నవి మెట్లే. సుజాత నాకంటే ముందుంది. షేర్వానీలో పరుగెత్తిన మొదటి వారసుణ్ని నేనే. సగం దిగేసరికి లైట్లు వెలిగాయి. పైన ఖాళీ గదిలో ఫోను మోగింది. మూడో పిలుపు. నాయనమ్మ లెక్కన పలకవలసింది దానికే.

"పొయి ఎత్తుండ్రి సార్, నౌకరి మీది!"

"ఫోను మీది, నువ్వే ఎత్తమ్మా!"

మోగి మోగి ఆగిపోయింది.

ఉయ్యాల అశోక్‌నగర్‌లో ఒక డాక్టరుగారి వరండాకు పోయింది. ఆ దారిన ఎప్పుడు వెళ్లినా, ఎవరూ కూర్చోకుండానే ఊగుతూ ఉంటుంది. "మీ తాత పెద్దిల్లు దొరికిచ్చుకున్నడు బిడ్డా, మనకే దొరకలే" అంది అమ్మ.

అందుకే తాతగారి షేర్వానీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను. రెండో పిలుపు ఎవరిదో తెలుసుకోవాలన్న కోరిక నాకు బొత్తిగా లేదు.