బీపీకి మూడు ఇడ్లీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. బీఫార్మసీ పూర్తిచేసి, కొవ్వూరు బస్టాండు దగ్గర మందుల షాపులో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే నేను రాకముందు ఆ షాపు ఎలా నడిచిందా అని జాలిపడుతుండేదాన్ని. ముఖ్యంగా చదువు రానివాళ్ల విషయంలో. డాక్టరుగారు చీటీ మీద 1-0-1 అని రాస్తారు. మా షావుకారుగారు "పొద్దునొకటి, రాత్రొకటి" అని ఒక్కసారి చెప్పి తరువాతి మనిషి వైపు తిరిగిపోతారు. ఇంటికెళ్లేసరికి ఏ మాత్ర ఎప్పుడో ఎవరికి గుర్తుంటుంది? అందుకని నేను బొమ్మలు కనిపెట్టాను. కవరు మీద పొద్దుటి మాత్రకి ప్లేటులో మూడు ఇడ్లీలు, మధ్యాహ్నానికి అన్నం కంచం, రాత్రికి చందమామ. (హైస్కూల్లో నాకు డ్రాయింగులో ప్రైజు వచ్చింది. ఎవరూ అడగకపోయినా ఈ సంగతి అందరికీ చెప్పేదాన్ని.) ఇడ్లీల మీద అందం కోసం ఆవిరి కూడా గీసేదాన్ని. షావుకారుగారు కళ్లజోడు పైకెత్తి చూసి, "హోటలు మెనూలా ఉందమ్మా" అన్నారు. పెద్దవాళ్లకి కొత్త పద్ధతులు ఎక్కవులే అని ఆయన్ని క్షమించేశాను.

నా బొమ్మలకి దొరికిన మొదటి భక్తుడు అరటితోట బాబాయిగారు. గోదావరి మధ్య లంకలో అరటి సాగుచేసే పెద్దమనిషి, అక్షరం ముక్క రాదు. కొత్తగా బీపీ వచ్చిందని డాక్టరుగారు రోజుకో మాత్ర రాశారు. కవరు చేతిలో పెట్టి, "టిఫిన్ అయ్యాక ఒకటి వేసుకోండి బాబాయిగారూ" అన్నాను. ఆయన బొమ్మను చాలాసేపు చూశారు.

"ఇడ్లీయేనాండీ?"

"ఇడ్లీయేనండి" అన్నాను, బొమ్మ గుర్తుపట్టినందుకు పొంగిపోయి.

"రోజూనాండీ?"

"ఒక్కరోజు కూడా మానకూడదండి."

ఆయన కవరు కళ్లకద్దుకుని వెళ్లారు.

మూడు వారాల తరువాత ఒక ఉదయం ఆయన భార్య, అంటే పిన్నిగారు, ఆయన్ని రెక్కపట్టుకుని తీసుకొచ్చి షాపులో స్టూలు మీద కూర్చోబెట్టింది. గెల కోస్తూ కళ్లు తిరిగి తోటలోనే కూలబడిపోయారట. బీపీ చూశాను. మిషనుదే తప్పేమోనని మళ్లీ చూశాను. అదే అంకె. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ.

"మాత్రలు వేసుకోవట్లేదాండీ?"

"ఐదు రోజులైందండి మానేసి. హోటలు మూసేశారు కదండీ" అన్నారు బాబాయిగారు నీరసంగా.

హోటలుకీ మాత్రకీ సంబంధం ఏంటో నాకు అర్థం కాలేదు. పిన్నిగారు అర్థమయ్యేలా చెప్పింది. "మా ఆయనకి ఇడ్లీలు రాసింది నువ్వేనేంటమ్మా? పెళ్లయిన కాణ్నుంచీ పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ తప్ప ఇంకోటి ఎరగడు. ఇప్పుడు తెల్లారితే చాలు, సైకిలేసుకుని సెంటర్లో హోటలుకి పోతన్నాడు. ఏంటయ్యా అంటే మందు కవరు చూపిస్తాడు. మూడే తినాలంట. చల్లారిపోతే పనిచెయ్యవంట."

"ఆవిరి గీశారు కదండీ అమ్మాయిగారు" అన్నారు బాబాయిగారు, నన్ను వెనకేసుకొస్తూ.

హోటలువాళ్లు తిరుపతి వెళ్లారు. ఇడ్లీ పడకుండా మాత్ర పడితే ఏమవుతుందోనని ఈయన మాత్రలన్నీ భద్రంగా దాచారు. షావుకారుగారు నన్ను ఒక్క మాట అనకుండా ఆటో పిలిచి, వాళ్లతో నన్నూ డాక్టరుగారి దగ్గరికి పంపారు. తిట్టినా బాగుండేది. ఈయనకి ఏమైనా అయితే ఆ పాపం నాదే అని ఆటోలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. నిజానికి ఆ మాత్రకి తిండితో పనే లేదు. రోజూ ఒకే వేళకి వేసుకుంటే చాలు, గుర్తుంటుందని మేమే టిఫిన్ పేరు చెబుతాం. డాక్టరుగారు పరీక్షించి, గండం ఏమీ లేదు, మాత్ర మాత్రం మళ్లీ మానొద్దు అన్నాక గానీ నాకు ఊపిరాడలేదు.

షాపుకి తిరిగొచ్చి, ఈసారి చద్దన్నం గీద్దామని కూర్చున్నాను. నాలుగుసార్లు గీస్తే నాలుగుసార్లూ దూడల కుడితి తొట్టిలా వచ్చింది. పిన్నిగారు చూసి చూసి, "నువ్వు గియ్యొద్దులే అమ్మా. ఈ మాత్రల అట్ట ఉల్లిపాయల బుట్టలో పడేస్తాను. ఉల్లిపాయ లేందే ఆయనకి ముద్ద దిగదు. చెయ్యెడితే తగులుద్ది" అంది. ఆవిడకీ చదువు రాదు. నాలుగేళ్లు చదివిన నాకు ఆ బుట్ట తట్టలేదు.

నెల తిరిగేసరికి బీపీ దారికొచ్చింది. షాపులో బీపీ చూపించుకున్న బాబాయిగారు మాత్రం వెళ్లబోతూ గొంతు తగ్గించి, "అమ్మాయిగారూ, ఆదివారానికి ఆ పాత బొమ్మ ఒకటి గీసివ్వరాండీ? మందు కవరైతే మా ఆవిడ కాదనదండి" అన్నారు. రెండు ఇడ్లీలు గీశాను, ఆవిరి లేకుండా. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "చట్నీ మర్చిపోయారండి" అన్నారు.

చట్నీ కూడా గీశాను. అందులో ఉప్పు తక్కువ వేసుకోవాలని బొమ్మలో ఎలా చెప్పాలో తెలియక నోటితోనే చెప్పి, ఆయన చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను. ఆ అలవాటు అప్పటినుంచి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు "పొద్దున్నే ఏం తింటారండీ?" అని అడుగుతాను, చివర్లో నేను చెప్పింది వాళ్లచేత చెప్పించుకుంటాను. పొరపాట్లు తగ్గాయి. బొమ్మలు మానేశాను. ఒక్క మనిషి కోసం తల వంచుకుని అంత శ్రద్ధగా చట్నీ గీసిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది.