తోక దగ్గరి చిన్న రెక్క

మిషిగన్ సరస్సులోకి పెంపకం సాల్మన్ పిల్లల్ని వదిలేముందు గుర్తు కోసం వీపు మీద తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరిస్తారు. సరస్సులో కలిసే నదిలో వాటంతటవే పుట్టేవి పెరిగాయి కాబట్టి ఈసారి తక్కువ వదలాలా అని ఊళ్లో మీటింగు, ఆ తర్వాత చేపల విందు పెట్టారు. చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లని పడవలో తిప్పి బతికే గెరిట్ లేచాడు.

"నదిలో వాటంతటవే పుట్టేవి ఒక్కటీ లేవు. మీరు తగ్గిస్తే నా పడవ అమ్ముకోవాల్సిందే."

"ఏదీ, విందుకి నువ్వు తెచ్చిన చేప చూపించరా," అన్నాడు పక్క పడవ నడిపే హార్లన్, నవ్వుతూ.

గెరిట్ కదల్లేదు. హార్లనే ఐసుపెట్టె తెరిచి చేపను తిరగేశాడు. రెక్క చెక్కుచెదరలేదు. నదిలో పుట్టిందే. పొద్దున అది చూసే గెరిట్ దాని వీపుని ఐసులోకి నొక్కిపెట్టాడు. హార్లన్‌కి అదీ అర్థమైంది. నవ్వు ఆపేశాడు.

"సర్లే, రుచిగానే ఉంటుంది."

వేయించాక పెద్ద ముక్క గెరిట్ పళ్లెంలోనే వేశారు. అతను తలెత్తలేదు.