ఆరు బొడిపెల రైలు

ఆ మధ్యాహ్నం కట్టుడు పళ్లాయన ఒక ముసలావిడ పై దవడ సెట్టుకు ఆఖరి పాలిష్ పెట్టి, దాన్ని నీళ్ల డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, యజమాని దగ్గరికెళ్లి ఒక పూట సెలవు అడిగాడు.

యజమాని కళ్లజోడు పైనుంచి చూశాడు. ఈ మనిషి జ్వరమొచ్చినా సెలవు పెట్టే రకం కాదు.

"ఏమైందయ్యా?"

"రైలు పట్టుకెళ్లాలి సార్."

"ఎన్నింటికి?"

"ఎక్కడానికి కాదు. మోసుకెళ్లడానికి."

యజమాని ఇంకేమీ అడగలేదు. ఆ ల్యాబులో అందరికీ తెలిసిన సంగతే అది. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్లు తయారుచేయడం ఆయన ఉద్యోగం. ప్లాస్టిక్ ఇటుకలతో రైళ్లు కట్టడం ఆయన వ్యసనం. చిన్నపిల్లలు ఒకదాని మీదొకటి నొక్కి ఇళ్లూ కార్లూ కడతారే, నెత్తిన బొడిపెలుండే ఇటుకలు, అవే. యాభై దాటిన మనిషి ఇంట్లో ఒక గది నిండా అవే ఉంటాయి, రంగు రంగుకో సొరుగు చొప్పున.

"మా ఆయనకు పగలు కట్టుడు పళ్లు, సాయంత్రం కట్టుడు రైళ్లు. కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే ఖాళీ" అని ఆయన భార్య వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంటుంది.

ఆయన మితభాషి. కానీ ఇటుకల సంగతి ఎత్తితే మాత్రం ఆపడం కష్టం. స్టిక్కర్లంటే ఒళ్లుమంట. "బొమ్మ ఇటుక మీదే అచ్చు వేయాలి. అంత ఖరీదు పుచ్చుకుని కాగితం ముక్కలిచ్చి మీరే అంటించుకోండి అంటారా? నేను పళ్ల సెట్టు ఇచ్చి, తెల్లరంగు మీరే పూసుకోండి అంటే ఊరుకుంటారా?" కంపెనీవాళ్లు ఎప్పుడో బూడిదరంగును కాస్త నీలం వైపు జరిపారని ఇప్పటికీ కోపం. పక్క పంటికి రంగు కలపడమే బతుకైన మనిషి కాబట్టి, పాత బూడిద, కొత్త బూడిద కలిపి కట్టిన గోడ ముందు ఆయన నిలబడలేడు. పెద్దవాళ్ల కోసమని నల్లటి అట్టపెట్టెల్లో వచ్చే రైళ్లంటే ఇంకా చులకన. వాటిలో మోటారుండదు. "అద్దాల బీరువాలో పెట్టుకోవాలట. నడవని దాన్ని రైలని ఎట్లా అంటారు?" ఇక జిగురు పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. ఇటుక అంటే రేపు ఇంకోటి కావాల్సింది అని ఆయన లెక్క. అతికించాక అది ఇటుక కాదు, రాయి.

వీటన్నిటికంటే గట్టి అభిప్రాయం ఒకటుంది. రైలు పెట్టె ఎనిమిది బొడిపెల వెడల్పు ఉండాలి.

పట్టాలు కంపెనీవే, వాటి కొలత మారదు. దానిమీద పెట్టె ఎంత వెడల్పు కట్టుకోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. కంపెనీ సెట్లలో వచ్చేది ఆరు. ఆరులో గోడలు రెండు పోగా, రెండు వైపులా సీట్లు వేస్తే నడవడానికి దారే ఉండదు. ఎనిమిదిలో సీట్లుంటాయి, మధ్యలో నడవా ఉంటుంది, టికెట్ కలెక్టరు బొమ్మ నిటారుగా నడిచి వెళ్లొచ్చు. ఆయన ఆకుపచ్చ రైలు అట్లాంటిది. ఒక్కో పెట్టె కట్టడానికి ఏడాదికి పైగా పట్టింది. కిటికీ కిటికీకి లోపల దీపం, సీటు సీటుకు ఒక మనిషి.

ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోని మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. డ్రాయింగ్ మాస్టారు.

వాళ్ల పరిచయం బొమ్మల దుకాణంలో. ఒకే ఒక్క రైలు సెట్టు మిగిలింది, ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. "మా మేనల్లుడికండీ" అన్నాడు కట్టుడు పళ్లాయన సిగ్గుపడి. "నాక్కూడా మేనల్లుడికేనండీ" అన్నాడు మాస్టారు. ఇద్దరికీ మేనల్లుళ్లు లేరు. దుకాణం బయట టీ తాగుతూ ఆ సంగతి బయటపడ్డాక, మాస్టారు బుర్ర గోక్కుని, "లేని నా మేనల్లుడు నీ కొడుకనుకో, లేని నీ మేనల్లుడు నా కొడుకనుకో. ఎటు చూసినా మనం బావలమే" అని తేల్చాడు. అప్పట్నుంచీ బావా అంటే బావా. కొత్త సెట్టు ఎవరింటికొచ్చినా ఫోనులో "మేనల్లుడొచ్చాడు బావా" అనేవాళ్లు. పక్కనున్న వాళ్లు అభినందనలు చెప్పేవాళ్లు.

ఊళ్లో వాళ్లలాంటి వాళ్లు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఏటా మున్సిపల్ హాలులో ప్రదర్శన. స్టేషన్లూ వంతెనలూ మాస్టారు కట్టేవాడు, రైలు కట్టుడు పళ్లాయనది. ఒకరిది ఒకరు ముందుగా చూడకూడదని ఒట్టు. ప్రదర్శనకు ముందు ఒక రోజు మాస్టారింట్లో రెండూ కలిపి నడిపి చూసుకునేవాళ్లు. అయితే కట్టడం మొదలుపెట్టేముందు మాస్టారు ఏటా ఫోను చేసేవాడు.

"వెడల్పు?"

"ఎనిమిది."

"ఇంకా తగ్గలేదా ఆ ఒళ్లు? బొమ్మకు బొమ్మ కొలతే అందం బావా. నీ రైలు చూస్తే తండ్రి కోటు తొడుక్కున్న పిల్లాడిలా ఉంటుంది."

"నీ ఆరు అగ్గిపెట్టెల వరస."

ఇంత తిట్టుకున్నాక, ప్లాట్‌ఫారాన్ని ఎనిమిదికి సరిపడా దూరంలో కట్టేవాడు మాస్టారు. ఈ ఏడాది ఆ ఫోను రాలేదు. మరిచిపోయాడేమో అనుకున్నాడు కట్టుడు పళ్లాయన. స్టేషను పూర్తయ్యాక మాత్రం మాస్టారు ఆ సంగతి చెప్పాడు. ఆ వారంలోనే బడి మెట్ల మీద మాస్టారి గుండె ఆగిపోయింది.

ఇప్పుడు ప్రదర్శన దగ్గరపడింది. మాస్టారి భార్య, పెద్దాసుపత్రిలో నర్సు, ఫోను చేసింది. "అన్నయ్యా, స్టేషను హాలుకు పంపిద్దాం. రైలు పట్టుకొచ్చి ఒకసారి నడిపి చూడండి." అందుకే ఆ పూట సెలవు.

ముందు గదిలో రెండు బల్లలు కలిపి వేసి ఉన్నాయి. వాటిమీద స్టేషను. కట్టుడు పళ్లాయన రైలు డబ్బాలు కింద పెట్టి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. మాస్టారు తన జన్మలో కట్టిన వాటిలో అంత మంచిది లేదు. ప్లాట్‌ఫారం తిన్నగా లేదు, పట్టాలతో పాటు వంపు తిరిగి ఉంది. చదరపు ఇటుకలతో వంపు తేవడం మాటలు కాదు. కీలు ముక్కలు పెట్టి, ఒక్కో వరసనూ రవ్వంత తిప్పుకుంటూ వెళ్లి, ఆ వంపు మీదే స్తంభాలు నిలిపి, స్తంభాల మీద కప్పు వేశాడు. ఏ ఒక్కటి కదిపినా అన్నీ కదలాలి.

"ఇందులో ఒక్క ఇటుక కూడా తియ్యకండి" అంది నర్సమ్మ వెనకనుంచి. "ప్రదర్శన అయిపోయాక జిగురు పెట్టిస్తాను. అతికించేవాడితో మాట్లాడాను."

జిగురు మాటకు కట్టుడు పళ్లాయన గుమ్మం వైపు చూశాడు, కానీ వెళ్లలేదు. రైలు పట్టాలెక్కించాడు. మీట తిప్పాడు. కంపెనీ సెట్టులోని సన్నటి ఇంజను సాఫీగా వంపులోకి వెళ్లింది. దాని వెనక మొదటి పెట్టె ప్లాట్‌ఫారం అంచును గీరుతూ కీచుమంది. రెండోది అంచుకు తన్నుకుని ఒరిగి, పట్టాల కిందికి దిగింది. ఒక టోపీ బొమ్మ కిటికీలోంచి ఎగిరి నేలమీద పడింది.

"అయ్యో, ఏమైంది?"

"ప్లాట్‌ఫారం దగ్గరకొచ్చేసింది. బావ కొలత తప్పాడు."

అన్నాడు గానీ, తన మాట మీద తనకే నమ్మకం కలగలేదు. మాస్టారు కొలత తప్పడం ఆయన ఎన్నడూ చూడలేదు. బల్ల మీద గడ్డం ఆనించి, వంపు పొడవునా సందు చూసుకుంటూ వెళ్లాడు. సందు ఎక్కడా పెరగలేదు, తరగలేదు. జేబులోంచి చిన్న కొలబద్ద తీశాడు, ల్యాబులో చిగుళ్ల మందం చూసేది. చూసి, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"తప్పలేదు చెల్లెమ్మా. ఆరుకు కట్టాడు."

నర్సమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు తెలియలేదు.

"కట్టినన్నాళ్లూ తనలో తను నవ్వుకుంటూనే ఉన్నారు అన్నయ్యా. ఏంటండీ ఆ ఇకిలింపు అంటే, 'ఈసారి బావ రైలు స్టేషన్లో ఆగదే, స్టేషనే బావ రైలును ఆపుతుంది' అన్నారు. నాకేం తెలుసు? ఏదో రైళ్ల గోల అనుకున్నా."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు.

"మరి తర్వాత ఏం చేద్దామనుకున్నాడో?" అన్నాడాయన చివరికి. "నేను గింజుకుంటుంటే చూసి, మళ్లీ విప్పి, ఎనిమిదికి కట్టేవాడా?"

"ఏమో. అడగడానికి లేరుగా."

ఆమె మామూలుగా అంది. రోజూ వార్డులో ఇట్లాంటి మాటలు ఇంకొకళ్లకు చెప్పే మనిషి గొంతు అది. తర్వాత బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"మీ ఇబ్బంది నాకర్థమవుతోంది. ఆ వంపు విప్పితే మీ రైలు నడుస్తుంది. మీరు విప్పుతానంటే నేను అడ్డంపడను అన్నయ్యా. ఆయన మీద గెలవాలనుంటే ఇప్పుడు గెలవండి. అడిగేవాళ్లు లేరు."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. లేచి రైలు పెట్టెల్ని ఒక్కొక్కటే పాతబట్టల్లో చుట్టి డబ్బాల్లో పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"నేను ఆ వంపు జోలికి వెళ్లను. కానీ నువ్వు జిగురు మాట ఎత్తకూడదు."

"అతికించకపోతే ఎన్నాళ్లుంటుంది?"

"ఎవరూ తియ్యనన్నాళ్లూ ఉంటుంది. బావ నొక్కిన ఇటుక ఊడిరాదు."

ఆమె స్టేషను వైపు చూసి, "సరే" అంది.

దారిలోనే సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. విషయం విని, "దానికంత ఆలోచనెందుకండీ? స్టేషను చాలు. రైలును పక్క బల్ల మీద విడిగా నిలబెడదాం. చూసేవాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు. నడవని రైలు గురించి ఆయన అభిప్రాయాలు కార్యదర్శికి తెలియనివి కావు. అయినా పోయిన మనిషి మీది మర్యాద కోసం సర్దుకుంటాడనుకున్నాడు. కట్టుడు పళ్లాయన "నడుస్తుంది" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

సాయంత్రం ఆయన గదిలోంచి ఇటుకలు ఊడుతున్న చప్పుడు వినిపించి భార్య లోపలికొచ్చింది. ఒక పెట్టెకు కప్పు లేదు. ఒక పక్క గోడ లేదు. సీట్లు విడిగా, మనుషులు విడిగా పళ్లెంలో ఉన్నారు.

"అదేంటి! దాన్నెందుకు విప్పుతున్నారు?"

చెప్పాడు. ఆమె పక్కన కూర్చుని, పళ్లెంలోని కిటికీలను వేరుచేయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి అంది:

"ఇన్నేళ్లూ ఆ అన్నయ్యగారు గొంతు పోయేలా మొత్తుకున్నా ఒక్క బొడిపె తగ్గలేదు మీరు."

"బతికుంటే ఇప్పుడూ తగ్గను."

ఆరుకు కట్టడం ఆయన అనుకున్నదానికంటే కష్టమైంది. ఎనిమిదిలో ఉన్నదాన్ని రెండు వైపులా ఒక్కో బొడిపె కోసేస్తే ఆరు అవుతుందనుకోవడం పిల్లల లెక్క. కింద చక్రాల చట్రం మారాలి, కప్పు వాలు మారాలి, దీపాల తీగలకు దారి ఉండదు. దీపాలు వదిలేశాడు. సీట్లు ఒక వైపే వేశాడు. అప్పుడు రెండో వైపు నడవా మిగిలింది. టికెట్ కలెక్టరు బొమ్మ అందులో నిటారుగానే నిలబడింది. ఇది ఇన్నేళ్లూ తనకు ఎందుకు తట్టలేదో ఆలోచించాడు. మాస్టారికి తట్టే ఉంటుంది. చెప్పి ఉండడు, అంతే. ఆ రాత్రికి సగం మంది మనుషులు డబ్బాలోనే ఉండిపోయారు, వాళ్లకు చోటు లేదు.

ల్యాబు నుంచి రాగానే కూర్చుని, అన్నానికి పిలిచేదాకా కట్టేవాడు. భార్య పక్కన కూర్చుని రంగులు అందించేది. ఒకసారి పాత బూడిద బదులు కొత్త బూడిద అందించింది. ఆయన చూసుకోకుండా నొక్కేసి, మర్నాడు పొద్దున వెలుతురులో చూసి నాలుక కరుచుకుని మార్చాడు. ప్రదర్శన రోజుకు మొత్తం రైలు కాలేదు, అయినంతవరకే పట్టుకెళ్లాడు.

హాలులో జనం బాగానే వచ్చారు. కార్యదర్శి ఆ వంపును వంగి చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నర్సమ్మ డ్యూటీ దిగి, ఆసుపత్రి చెప్పులతోనే వచ్చింది. కట్టుడు పళ్లాయన మీట తిప్పాడు. ఇంజను వంపులోకి వెళ్లింది, వెనక పెట్టెలు వెళ్లాయి. ప్లాట్‌ఫారం అంచుకూ పెట్టెకూ మధ్య సన్నటి వెలుతురు గీత ఒకటి చివరిదాకా చెదరకుండా సాగింది. ఎక్కడా తగల్లేదు.

నర్సమ్మ కళ్లు తుడుచుకుని అడిగింది. "నిజం చెప్పండి అన్నయ్యా. ఆరు బాగుందా?"

ఆయన రైలు మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా చూశాడు.

"లేదు చెల్లెమ్మా. అగ్గిపెట్టెల్లాగే ఉంది."

ఆమె నవ్వింది. "ఆయనుంటే కొట్లాడేవారు."

"ఆఁ."

ప్రదర్శన ముగిశాక స్టేషనును బల్లలతో సహా ఎత్తి వ్యానులో పెట్టి, నడకంత వేగంతో తోలించి, మళ్లీ ఆమె ముందు గదికే చేర్చారు. జిగురు పెట్టలేదు. కట్టుడు పళ్లాయన తన ల్యాబులోని మెత్తటి బ్రష్షు ఒకటి దుమ్ము దులపడానికి ఇచ్చి వచ్చాడు. ఆదివారాలు రైలు తీసుకుని వెళ్తాడు. ఇంట్లో అరలో మిగతా పెట్టెలన్నీ ఇంకా ఎనిమిదే. ఆరుకు మారినవి ఇప్పటికి రెండు.